తల వంచని బావ

ఆదివారం ఉదయం మిర్యాలగూడలో బయల్దేరేటప్పుడు కృష్ణమూర్తి అనుకున్నది ఒక్కటే: చివ్వెంలలో బావమరిది యాదయ్య గృహప్రవేశానికి వెళ్లాలి, మెడ కదపకుండా భోంచేసి రావాలి. మెడనొప్పి మొదలై ఏడాదైంది. "లోపల ఏం తెగలే సార్. భయంతోటి బిగవట్టుకుంటున్నరు, అందుకే ఇంకింత నొస్తది. మెల్లగ తిప్పుండ్రి" అని సూర్యాపేట ఫిజియోథెరపిస్టు నందిని ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కలేదు. తిప్పితే నరం తెగుతుందని ఆయన గట్టి నమ్మకం. ఎవరైనా పిలిస్తే బీరువా జరిపినట్టు మనిషి మొత్తం తిరిగేవాడు.

కారు దిగగానే యాదయ్య పక్క నుంచి "బావా!" అన్నాడు. ఆ జనంలో మొత్తంగా తిరిగే చోటు లేక కృష్ణమూర్తి ఎదురుగానే చూస్తూ లోపలికి నడిచాడు.

"సూసినవా అమ్మా, మొకం గూడ తిప్పలే" అన్నాడు యాదయ్య, తల్లి సుక్కమ్మతో.

అందరూ వంగి వెళ్లాలని దేవుని గదికి పొట్టి దర్వాజ పెట్టించాడు యాదయ్య. లోపల దీపం సర్దుతున్న కృష్ణమూర్తి భార్య పుష్పలత "జర లోపలికి రా, కొబ్బరికాయ కొట్టాలె" అని భర్తను పిలిచింది.

కృష్ణమూర్తి దర్వాజ ఎత్తు చూశాడు. "నేను తల వంచను" అన్నాడు.

యాదయ్య ముందుకొచ్చాడు.

"పిలుపు కార్డుల నీ పేరు కిందికి పడ్డదనే గద బావా, కోపం?"

"ఏం కార్డు?"

"ఇన్నరా! కార్డే తెల్వదంటుండు!"

"అరె, కోపం గాదు. మెడ!"

"మెడ వంచడంట" అని సుక్కమ్మ కళ్లొత్తుకుంది.

పెద్దమనుషులిద్దరు శాలువా కప్పబోయారు. ఆ బరువు మెడ మీద పడుతుందని కృష్ణమూర్తి వెనక్కి జరిగాడు. శాలువా కూడా వద్దన్నాడన్న కబురు టెంటు దాకా పాకి, వడ్డన ఆగిపోయింది.

యాదయ్యకు ఏడుపూ రోషమూ కలిసి వచ్చాయి. గడ్డపార పట్టుకొచ్చాడు. "బావ వంగకుంటే దర్వాజనే లేపుత!" మొదటి దెబ్బకే సిమెంటు పెచ్చు ఊడి లోపల పడింది. పుష్పలత కెవ్వుమంది.

కృష్ణమూర్తి తల వంచి లోపలికి దూరాడు. భార్య చుట్టూ చూశాడు, పైకప్పు చూశాడు, గిర్రున తల వెనక్కి తిప్పి "ఆపురా యాదీ!" అని అరిచాడు. పుష్పలత జుట్టులో దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆమె మాత్రం భర్త మెడకేసే చూస్తోంది.

"నొస్తుందా?"

ఆయన తడుముకున్నాడు. కొంచెం నొప్పి ఉంది. తెగినదేదీ లేదు. మెల్లగా ఎడమకు తిప్పాడు, తర్వాత కుడికి. ఇంకోసారి, ఊరికే తిప్పాడు. యాదయ్య గడ్డపార వదిలేసి బావను వాటేసుకున్నాడు.

ఆనాటి విందులో నలభై ఫొటోలు తీశారు. ఒక్కదాంట్లోనూ కృష్ణమూర్తి ముఖం నిలకడగా పడలేదు.