ఎనిమిదో వంతు నివాసి

మనిషి నాగరికతకు తిరుగులేని కొలత ఒక్కటే: అతని ఇంట్లోంచి ఎంత గాలి కారిపోతోంది అన్నది. ఇది తెలియక ఇన్నాళ్లూ జనం చదువునీ నడవడికనీ చూసి మనుషుల్ని అంచనా వేస్తూ వచ్చారు. గృహ ఇంధన సామర్థ్య మండలి వచ్చి ఆ పొరపాటు సరిదిద్దింది. పేటలోని ప్రతి ఇంటికీ ఒకటి నుంచి ఏడు దాకా శ్రేణి ఇచ్చి గేటుకి ఫలకం బిగించింది. మొదటి శ్రేణికి ఆకుపచ్చ, ఏడో శ్రేణికి ఎరుపు. (మధ్యవాటికి రంగులు ఖరారు చేసే ఉపసంఘం ఇంకా ఆలోచిస్తోంది.)

బోటనీ మాస్టారి ఇంటికి ఎరుపు వచ్చింది.

శ్రేణుల అధికారి సన్నటి దారం ఒకటి వేలాడదీసుకుని గదిగదీ తిరిగాడు. దారం కదలని ఇల్లు మంచి ఇల్లు. వంటింటి కిటికీ దగ్గర అది పూనకం వచ్చినట్టు ఊగింది. ఆ కిటికీకి ఒక అద్దం లేదు. పక్కింటి టైలరమ్మతో గిన్నెలు ఇచ్చిపుచ్చుకోడానికి వీలుగా ఉంటుందని మాస్టారి భార్యే దగ్గరుండి ఊడదీయించింది. ఆవిడ పోయాక కూడా రోజూ పొద్దున్నే ఆ సందులోంచి పిలుపు వస్తుంది.

“బాబాయ్ గారూ, లేచారా?”

“లేచానమ్మా.”

చాలా రోజుల్లో మాస్టారు ఇంకో మనిషితో ఆడే మాట అదొక్కటే.

అధికారి చూస్తుండగానే, చూపుడువేలికి దారం చుట్టుకున్న చెయ్యి ఒకటి ఆ సందులోంచి వచ్చి, పొగలు కక్కుతున్న కూర గిన్నె గట్టుమీద పెట్టింది. ఆయన ‘అనుమతి లేని ఉష్ణ దిగుమతి’ అని రాసుకున్నాడు.

“ఆయన దారం పట్టుకుని తిరుగుతున్నారేంటి బాబాయ్ గారూ, గుండీ ఊడిందా?” అంది టైలరమ్మ.

తర్వాత కరెంటు వాడకాన్ని తలలతో భాగించారు. అదే ఫ్రిజ్జు, అదే ఫ్యాను, అదే దీపం. తల మాత్రం ఒకటి తగ్గింది.

“అమ్మగారు పోయాక మీ ఇంటి సామర్థ్యం సగానికి పడిపోయిందండీ,” అన్నాడు అధికారి, కాస్త నొచ్చుకుంటూనే.

“నాదీ అంతేనయ్యా,” అన్నారు మాస్టారు.

వీధి చివర తాళం వేసిన ఇంటిని చూసి నేర్చుకోమన్నాడు అధికారి. మొదటి శ్రేణి వచ్చింది దానికొక్కదానికే. (సున్నా తలలతో ఎలా భాగించారని మాస్టారు అడిగితే, వాడకమే లేనప్పుడు భాగించే శ్రమ దేనికన్నాడు.) ఏడో శ్రేణి ఇళ్లలో సందులన్నీ మండలే స్వయంగా మూసేస్తుందనీ, ఇష్టం లేకపోతే అప్పీలు చేసుకోవచ్చనీ చెప్పి దారం చుట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పీళ్ల అధికారిణి తన ఆఫీసులో పట్టపగలు దీపాలన్నీ వేసుకుని, ఏసీ చలికి స్వెట్టరు తొడుక్కుని కూర్చుని ఉంది. (అది ఇల్లు కాదు కాబట్టి దానికి శ్రేణి లేదు.) ఆవిడ మంచి మనిషి. చలిగాలి తగలని కుర్చీ చూసి మాస్టారిని కూర్చోబెట్టింది, ఆయన చెప్పిందంతా విని నిబంధనలన్నీ తిరగేసింది. చివరికి దారి దొరికింది. రోజూ క్రమం తప్పకుండా ఇంట్లోకి వచ్చే శరీరభాగాన్ని నివాసిగా పరిగణించవచ్చట. టైలరమ్మ కుడిచెయ్యి, మోచేతి దాకా, మనిషిలో ఎనిమిదో వంతుగా తేలింది. ఒకటీ ఎనిమిదో వంతు జనాభాతో మాస్టారి ఇల్లు ఆరో శ్రేణికి ఎగబాకింది. కిటికీ బతికింది. ఆ పూట ఆయన చాలాకాలం తర్వాత మారు వడ్డించుకుని తిన్నారు.

మండలి లెక్క అక్కడితో ఆగితే అది మండలే కాదు. మాస్టారింట్లో పెరిగిన ఎనిమిదో వంతు పక్కింట్లో తగ్గాలి కదా. టైలరమ్మ కుటుంబంలో ఒక చెయ్యి లోటు పడి, ఆ ఇల్లు మూడో శ్రేణి నుంచి నాలుగుకి జారింది. నాలుగో శ్రేణి ఇంట్లో కుట్టుమిషను నడపకూడదు. మిషనుకి సీలు వేస్తామని నోటీసు వచ్చింది.

“మీరేం పట్టించుకోకండి బాబాయ్ గారూ. వీళ్ల మొహం, చేత్తో కుట్టుకుంటాను,” అందామె.

“ఏ చేత్తోనమ్మా? అది మా ఇంటి లెక్కలో ఉంది,” అన్నారు మాస్టారు.

ఆమె నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మాస్టారు తిన్నగా అప్పీళ్ల అధికారిణి దగ్గరికే వెళ్లి, అమ్మాయి చెయ్యి అమ్మాయికి జమ చేసి తన కిటికీకి అద్దం బిగించమన్నారు. ఆవిడ రెండుసార్లు ఆలోచించుకోమంది. ఆయన రెండుసార్లు ఆలోచించి అదే మాట చెప్పారు. మర్నాడే మండలి మనుషులొచ్చి అద్దం పెట్టి, చుట్టూ లప్పం కూరారు. దారం వేలాడదీస్తే కదల్లేదు. ఇల్లు ఏకంగా నాలుగో శ్రేణికి చేరిందని అధికారి మాస్టారికి కరచాలనం చేశాడు.

ఆ మర్నాడు పొద్దున్న పిలుపు వినబడలేదు. మాస్టారు వంటింట్లో నిలబడి ఉండగా, దారం చుట్టుకున్న వేలొకటి అవతలి నుంచి అద్దాన్ని టకటకా కొట్టింది. మాస్టారు గరిటె కాడతో తిరిగి కొట్టారు.

చప్పుడుకి మండలి ఇంకా శ్రేణులు పెట్టలేదు. అధికారిని వేశారట, కుర్చీ రావాలట.