సున్నా మరిచిన బూట్ల లిస్టు

పదకొండింటికల్లా బూట్ల లిస్టు ముగించి క్యాంటీన్‌లో వేడి వేడి మిర్చీలు తినాలని నిరంజన్ పొద్దున్నే అనుకున్నాడు. నస్పూర్ దగ్గర ఓ బొగ్గు గని ఆఫీసులో అతను కొత్త గుమస్తా. కార్మికులకు ఏటా ఇచ్చే బూట్ల సైజులు రిజిస్టర్‌లో వెతికి రాయడానికి హెడ్‌క్లర్క్ పద్మలతకు నాలుగు రోజులు పట్టేది.

"గంటల చేస్త మేడం! కంప్యూటర్ల వీలుకప్ ఫార్ములా ఉన్నది."

"తప్పు పోతే మల్ల ఉత్తరాలు పంచే టపాల సీటుకే పోతవ్, యాదుంచుకో."

కార్మికుడి నంబరు ఇస్తే సైజు వెతికి తెచ్చే ఫార్ములా అది. చివర సున్నా పెడితేనే సరిగ్గా ఆ నంబరునే పట్టుకుంటుంది, లేకుంటే ఎవరిదో ఒకరిది తెచ్చి ఇస్తుంది. సున్నాకు విలువేముందని మహానుభావుడు దాన్ని వదిలేశాడు.

మధ్యాహ్నం బూట్లు పంచారు. సాయంత్రానికి గేటు ముందు ఒకటే గోల.

"రెండు కాళ్లు ఒక్క బూట్లనే పడ్తున్నయ్ సారూ!" అన్నాడు బుచ్చిరాములు.

యూనియన్ లీడర్ కొండల్‌కు వేళ్లు కూడా దూరలేదు. "గిది కుట్ర! లీడర్‌ను నడవనిస్తలేరు! రేపు సమ్మె!"

పెద్ద సైజు వచ్చినవాళ్లను నీళ్లున్న గనికి మారుస్తారని వెనకనుంచి ఎవరో పుకారు లేపారు. నిరంజన్‌కు టపాల సీటు కళ్ల ముందు కదిలింది. లోపలికి ఉరికి, సున్నా పెట్టి, కొత్త లిస్టు తెచ్చి స్టూలెక్కాడు.

"అన్నలారా, తప్పు నాదే! జర ఇనుండ్రి. బుచ్చిరాములు, తొమ్మిది!"

"తొమ్మిదేంది? నాది ఏడు! పన్నెండేండ్ల సంది బట్ట కుక్కి తొడుగుతున్న."

"నాది గూడ తప్పే!" "నాది గూడ!"

పద్మలత నాలుక కరుచుకుంది. "పాత గుమస్తా మనిషి ఎత్తు చూసి రిజిస్టర్‌ల సైజు రాసిండట. నేను గదే దింపుకుంట వచ్చిన."

తన ఒక్కడిదే తప్పనుకుని ఇన్నేళ్లూ ఎవరూ నోరు విప్పలేదు. ఇక ఆగుతారా? "ఏడు ఎవ్వలకాడ ఉన్నది?" "నాకు పది కావాలె!" గేటు ముందు అంగడి మొదలైంది. బూట్లు చేతులు మారాయి. ఏడు నంబరు దొరికిన బుచ్చిరాములు సంబరంగా రెండు గంతులేశాడు. కొండల్ అటూ ఇటూ నడిచి చూసుకుంటూ సమ్మె సంగతే మరిచాడు. నిరంజన్ అందరి అసలు సైజులు రాసుకున్నాడు.

"పా, మిర్చీలు నేను తినిపిస్త" అంది పద్మలత నవ్వుతూ.

వారానికి నిరంజన్‌కని మేనేజర్ దగ్గరి నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. అక్కడివాళ్లు కూడా నిరంజన్ నంబరు కొట్టి, నిరంజన్ నేర్పిన ఫార్ములాతోనే, సున్నా మరిచి, పేరు వెతికారు. పత్రం మీద కొండల్ పేరుంది.