లీలాదేవి వానను చెక్కిన వైనం

స్వస్తి! ఇల్లినాయి రాష్ట్రాన, అరోరా పురవరాన, జూలై మాసపు ఒకానొక శనివారం పూర్వాహ్ణవేళ, భోజనాల బల్లనే రణరంగంగా ఆక్రమించి, కుడిచేత జపాను ఉలినీ ఎడమచేత చెక్కపలకనూ ధరించి, శతసహస్రనేత్రోద్ధారిణి, విశ్రాంత శస్త్రవైద్యశిరోమణి లీలాదేవి వర్షంపై దండెత్తింది.

ఆమె చెక్కబూనినది పాత జపాను అచ్చుబొమ్మల బాణీలో ఒక ప్రయాణదృశ్యం: రైలు ప్లాట్‌ఫారం, ఈదురుగాలి, గొడుగులు వంచి నడిచే ఆఫీసుజనం, వారందరిపై ఏటవాలుగా వాన. గొడుగులు లొంగాయి. రైలూ లొంగింది. వాన లొంగలేదు. ఏలనన, ఆ విద్యలో వానగీతను గీయరు. చుట్టూ ఉన్న చెక్కనంతా తొలిచి, వెంట్రుకంత గట్టును మిగులుస్తారు. ఉలి కాస్త బెసికితే గట్టు విరిగి, వాన నడిమి ఆకాశంలోనే ఆగిపోతుంది.

అప్పటికే ఒక పలక నేలకొరిగింది. దాని అచ్చును భర్త జగన్మోహన్ కాఫీ తాగుతూ పరికించాడు.

“బానే ఉంది గానీ లీలా, సేమ్యా ఆరబెట్టినట్టుంది. ఆన్‌లైన్‌లో ఒక ప్రింట్ ఆర్డర్ చేసేద్దాం, ఫ్రేమ్‌తో సహా వస్తుంది.”

వీరాంగన కన్నులెర్రజేసింది. “ఏమంటిరి నాథా! ఎందరి కంటిపొరలనో తొలగించి వెలుగు నింపిన ఈ హస్తం, నాలుగు వానగీతల ముందు తలవంచునా?” అని గర్జించి, అంతలోనే గొంతు తగ్గించింది. “బొటనవేలు వణుకుతోందని సర్జరీలు ఆపేశాను. ఇదీ ఆపేయమంటారా?”

జగన్మోహన్ బల్ల కదలకుండా మెల్లగా లేచి, కప్పుతో సోఫాలోకి తరలిపోయాడు.

అంతట లీలాదేవి మణికట్టును పలకకు ఆనించి, పూర్వం ఆపరేషన్ థియేటర్లో చేసినట్టే ఊపిరి బిగబట్టి, గీతవెంట గీతగా, చెక్కపొట్టు దశదిశలా ఎగురుతుండగా, మేఘమండలం నుండి ప్లాట్‌ఫారం దాకా వర్షధారలను దించసాగింది. చిట్టచివరి గీత కొసన బొటనవేలు ద్రోహం తలపెట్టింది. ఉలి వణికింది. గట్టు వంగింది, విరగలేదు. అచ్చంగా గాలికి చెదిరిన జల్లు!

సిరా పూసి, కాగితం పరిచి, రుద్ది, ఎత్తి చూపింది. జగన్మోహన్ ఆ బొమ్మకేసి చాలాసేపు చూశాడు.

“అయ్యో, పెరటి డెక్ మీద ఆరబెట్టిన వడియాలు!” అంటూ పరుగెత్తాడు.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. మబ్బుతునకైనా లేని ఆకాశం కింద ఆయన వడియాల పళ్లెం లోపలికి మోసుకొచ్చి, తలుపు వేసి, అప్పుడు ఆగాడు.

జయము లీలాదేవికి! వడియాలు ఒక్కటీ తడవలేదు.