మెట్లు దిగినంక పిలువాలె

ఆ ఉదయం సుకన్య అనుకున్నది ఒక్కటే: భద్రమ్మ గారికి ఇరవై వేలు చెప్పాలి, చెప్పేటప్పుడు నీళ్ళు నమలకూడదు. బొమ్మలు వేయడంలో చెయ్యి తిరిగిన పిల్లే గానీ, ధర చెప్పాల్సి వచ్చేసరికి నాలుక మడతపడుతుంది. ఇన్నాళ్ళూ కారప్పొడి ప్యాకెట్ల మీద మిరపకాయలూ, పెళ్ళి పత్రికల మీద వినాయకులూ వేసి, ఇచ్చినంత పుచ్చుకుంది. ఇప్పుడొచ్చింది పిల్లల కథల పుస్తకం. వర్ధన్నపేటలో టీచరుగా రిటైరైన భద్రమ్మ, తాను క్లాసులో చెప్పిన కథలన్నీ బొమ్మలతో అచ్చు వేయించబోతోంది. ఇలాంటి పని కోసమే సుకన్య కుంచె పట్టింది. ఇది చేజారితే మళ్ళీ మిరపకాయలే.

హనుమకొండలో ఆమె బొమ్మలు వేసుకునే గది కింద మేనమామ రాజమౌళి చీరల దుకాణం ఉంది. గదీ ఆయనదే, సలహాలూ ఆయనవే. రెంటికీ అద్దె లేదు.

"ఇరవై గావాల్నంటె నలభై జెప్పాలె కోడలా. ఆమె పది అంటది. నువ్వు కాదంటవు. ఆమె అలిగి లేస్తది. జర ఓపిక వట్టు. మెట్లు దిగినంక పిలువాలె. ముందుగాల్నే పిలిస్తె ఇజ్జత్ బోతది."

"మేడం అసొంటోళ్ళు బేరం జేస్తరా మామా?"

"చీరలకొచ్చినోళ్ళల్ల టీచర్లే మస్తు బేరం జేస్తరు. ఫికర్ జేయకు."

భద్రమ్మ వచ్చింది. సుకన్య నమూనాగా వేసిపెట్టిన బొమ్మలన్నీ కళ్ళజోడు సవరించుకుని చూసింది. దొంగ నక్క మొహం చూసి పకపకా నవ్వింది.

"ఎంతయితది బిడ్డా?"

సుకన్య కళ్ళు మూసుకున్నంత పని చేసి, "నలభై వేలు మేడం" అనేసింది.

భద్రమ్మ పది అనలేదు. కాసేపు ఆ నక్కనే చూసి, "అంతుంటది బిడ్డా, చేతిపని గదా. నా దగ్గర అంత లేదు, ఏమనుకోకు" అని లేచింది. అలగను కూడా లేదు. సుకన్యకు అనుమానం రావలసింది అక్కడే. కానీ మామ మాట గుర్తుచేసుకుని పెదవి బిగబట్టి కూర్చుంది. మెట్ల మధ్యలో అడుగుల చప్పుడు ఆగితే, వెనక్కి వస్తోందని సంబరపడింది. పెద్దావిడ మోకాలు పట్టేసి ఆగింది, అంతే.

కింద రాజమౌళి కాచుకుని ఉన్నాడు. "అక్కా, గట్ల వోతె ఎట్ల? ముప్పైకి ఇప్పిస్త."

భద్రమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఆ పిల్ల చేతిపనికి ధర తగ్గించెటందుకు నువ్వెవరయ్యా?"

గట్టి పిండమే అనుకున్నాడు రాజమౌళి. ఇరవై అయిదన్నాడు. ఆమె ఆటో వైపు నడిచింది. ఇరవై అంటూ వెంటపడ్డాడు. ధర తగ్గినకొద్దీ ఆమె కోపం పెరిగింది. పదిహేనుకు వచ్చేసరికి ఆటో డ్రైవర్లంతా చుట్టూ చేరారు.

"ఆడపిల్ల కష్టాన్ని రోడ్డు మీద వెట్టి అమ్ముతానవా?" అని భద్రమ్మ గద్దించింది. డ్రైవర్లు కూడా రాజమౌళిని అసహ్యంగా చూశారు.

ఆ గొడవ పైకి వినబడి సుకన్య చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. "మేడం, నాది అసలు ఇరవై వేలే. మీరు బేరం జేస్తరని నలభై జెప్పిన. తప్పయింది."

భద్రమ్మ జాలిగా ఆమె తల నిమిరింది. "ఈయనకు భయపడి అంటానవ్. ఎంతమంది పిల్లలను జూడలే నేను! పెన్షన్లకెల్లి ఇరవై అయిదు తెచ్చుకున్న బిడ్డా. నీ ధర ఇన్నంక తీసుడుకే సిగ్గయింది. నువ్వు మాత్రం ఎవ్వలకూ రూపాయి తగ్గకు."

ఆటో కదిలిపోయింది. "ఇసొంటి గిరాకిని ఎన్నడు జూడలే" అని రాజమౌళి తల గోక్కున్నాడు. సుకన్యకు మామ మీద కోపం రాలేదు, తన మీదే వచ్చింది. అబద్ధం చెబితే ఆ మహాతల్లి నమ్మింది, నిజం చెబితే నమ్మలేదు. మొదటే తిన్నగా ఇరవై అని ఉంటే, ఈపాటికి ఆ నక్కకు రంగులు వేస్తూ ఉండేది. అది తలుచుకుని రోడ్డు మీదే ఏడ్చేసింది.

భద్రమ్మ అంతటితో ఊరుకోలేదు. ఆ పిల్ల నలభై వేలకు పైసా తగ్గదనీ, తగ్గమనడమే పాపమనీ వర్ధన్నపేటలో తెలిసినవాళ్ళందరికీ గర్వంగా చెప్పింది. అక్కడ ఇప్పుడు సుకన్యతో ఎవరూ బేరమాడరు, ఎందుకంటే ఎవరూ రారు.