ఉప్పుమెరకలో సామూహిక తలంటు

రాజోలుకు దగ్గరలోని ఉప్పుమెరక గ్రామం గత ఆదివారం షాంపూ నుంచి సంపూర్ణ విముక్తి పొందింది. ఈ చారిత్రక ఘట్టాన్ని పత్రికలు పట్టించుకోకపోవడం వాటి దురదృష్టం.

విముక్తి ఉద్యమానికి నాయకులు మాణిక్యాలరావు గారు. వారి తల మీద వెంట్రుక అన్నది లేదు. కనుక జుట్టు విషయంలో వారికి ఏ స్వార్థమూ ఉండదని ఊరంతా ఏకగ్రీవంగా వారిని సహజ శిరోజ సంరక్షణ సమితికి అధ్యక్షుణ్ణి చేసింది. వారు బాధ్యతలు స్వీకరించిన రోజునే కిరాణా కొట్ల ముందు తోరణాల్లా వేలాడే షాంపూ పొట్లాలను తెంపించి, వాటి స్థానంలో కుంకుడుకాయలు, శీకాయ, మందారాకు కట్టించారు. మందారాకును మేకలు తినేశాయి. మేకల బొచ్చు నిగనిగలాడుతోందని సమితి తన తొలి నివేదికలో హర్షం వెలిబుచ్చింది.

ఉద్యమానికి పరాకాష్ఠగా సామూహిక తలంటు ఏర్పాటైంది. ముఖ్య అతిథి, కుళాయిల మీద అజమాయిషీ గల పెద్దాఫీసరు రాజేంద్రప్రసాద్ గారు. జుట్టు ఒత్తుగా ఉందని వాకబు చేశాకే ఆయన్ను పిలిచారు.

ఇక్కడ పాఠకులకు చిన్న మనవి. ఉప్పుమెరకలో ఇంటింటికీ కుళాయి ఉంది. నీళ్లు మాత్రం రావు. సముద్రం పక్కనే కాబట్టి బోర్లలోనూ ఉప్పునీరే. అయితే ఆఫీసు నుంచి ఫోను చేసి "నీళ్లందుతున్నాయా?" అని అడిగినప్పుడల్లా ఊరివాళ్లు "ఆయ్, అంతా తమ దయండీ" అనేవారు. అడిగిన పెద్దమనిషికి లేదని చెప్పడం మా కోనసీమలో అమర్యాద. ఆ విధంగా ఉప్పుమెరక కాగితాల మీద జలసమృద్ధ గ్రామమైంది. బాలింత కూతురు తులసికీ, పసిగుడ్డుకీ మంచినీళ్ల కోసం పడవలవాళ్ల రత్నం మాత్రం రోజూ పక్క ఊరి నుంచి బిందెలు మోసుకొస్తోంది. ఆమె నడక చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆదివారం ఊరంతా పీటలు వేసుకుని కూర్చుంది. గుండిగల్లో కుంకుడు రసం సిద్ధంగా ఉంది. అధ్యక్షుల వారు ప్రసంగించారు.

"సోదరసోదరీమణులారా! షాంపూ అన్నది పరాయి నురగ! నేను పుట్టిన దగ్గర్నుంచీ కుంకుడుకాయ తప్ప వాడి ఎరగను. దాని మహిమకు నా తలే సాక్ష్యం!"

చప్పట్లు మారుమోగాయి. అందరి తలలకూ, అతిథి గారి తలకూ రసం పోసి కసిగా రుద్దారు. కుళాయి తిప్పే గౌరవం కూడా అతిథికే దక్కింది. కుళాయి బుస్సుమని గాలి వదిలింది.

నీళ్ల సంగతి ముందే ఎవరికీ తోచలేదా అని మీరు అడగవచ్చు. అందరికీ తోచింది. పెద్దాయన ముందు చెప్పడానికి మొహమాటపడ్డారు.

కళ్లు మండి ఊరు ఊరంతా వలవలా ఏడ్చింది. ఆఫీసరు గారూ ఏడ్చారు. ప్రజల కన్నీళ్ల గురించి ఎన్నో అర్జీలు చదివిన ఆయనకు కన్నీళ్లలో మంట కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది. "ట్యాంకరు! ట్యాంకరు పిలవండి!" అని పొలికేకలు పెట్టారు. డ్రైవరు సెలవనీ, డీజిలు లేదనీ ఇన్నాళ్లుగా రాని ట్యాంకరు క్షణాల మీద వచ్చి వాలింది.

ముందు అతిథి గారి తల కడిగారు. రత్నం బిందె పట్టుకుని వెళ్లేసరికి డ్రైవరు రాంబాబు ట్యాంకరు కుళాయి కట్టేశాడు.

"ఏమీ అనుకోకండి పిన్నిగారూ. ఆర్డరు అయ్యగారి తల వరకేనండీ. ఆయన తల శుభ్రపడగానే బండి వెనక్కి తెచ్చేమన్నారండీ."

"ఆయ్, అలాగా బాబూ" అంది రత్నం. బిందె కింద పెట్టి, గుండిగలోంచి చెంబెడు రసం ముంచి, తువ్వాలుతో తల తుడుచుకుంటున్న ఆఫీసరు గారి నెత్తిన కుమ్మరించింది.

"ఇదేంటమ్మా!" అని ఆయన కెవ్వుమన్నారు.

"ఒక్క వాయితో సరిపెట్టేస్తే మా మర్యాదేం కానండీ? కూర్చోండి బాబుగారూ. రాంబాబూ, అయ్యగారి తల ఇంకా శుభ్రపడలేదు, తిప్పు నాయనా."

ఈ వార్త అందే సమయానికి బుధవారమైంది. తలంటు ఇంకా సాగుతోంది. ట్యాంకరు ఊళ్లోనే ఉంది, ఊరివాళ్ల తలలు కడిగారు, బిందెలు నిండాయి, తులసి బిడ్డకు మంచినీళ్లతో స్నానమైంది. ఆఫీసరు గారు పీట మీద కూర్చునే పైపుల మరమ్మతుకు ఉత్తర్వులు జారీ చేశారు.

మీ ఊళ్లోనూ కుళాయి గాలి వదులుతుంటే అర్జీలు రాసుకుంటూ కూర్చోకండి. ఆఫీసర్లు మీ ఏడుపు చదవగలరే గాని, వారికి కళ్లు మండవు. సగౌరవంగా పిలిచి పీట వేయండి. కుంకుడుకాయలు మాత్రం ముందు రోజే నానబెట్టుకోండి.