పాదధూళికి ప్రవేశం

జ్ఞానము, అజ్ఞానము అని స్థితులు రెండేనని పూర్వులు నిర్ణయించి తృప్తి చెందారు. రోన్ నది ఒడ్డునున్న ఒక విశ్వవిద్యాలయపు భాషా ప్రవేశ కార్యాలయం మాత్రం మూడవ స్థితిని కనుగొని, దానికొక దరఖాస్తు పత్రాన్ని కూడా అచ్చువేయించింది. ఆ స్థితి పేరు తగినంత అజ్ఞానం.

శరణార్థులను విశ్వవిద్యాలయ చదువుకు సిద్ధపరచే ఏడాది ఫ్రెంచి శిక్షణలో చేరాలంటే అభ్యర్థికి ఫ్రెంచి రాకూడదు. రాదన్న సంగతిని అభ్యర్థి స్వయంగా, ఫ్రెంచిలో, ఒక పుట మించకుండా విన్నవించుకోవాలి. (ఇందులో వైరుధ్యమున్నదని ఫిర్యాదు చేయదలచినవారు దానిని ఫ్రెంచిలోనే చేయవలెను.)

హెరాత్‌లో రెండేళ్లు ఫార్మసీ చదివి, మూడవ ఏట ఆడపిల్లలకు కళాశాల తలుపులు మూసివేయగా దేశం విడిచివచ్చిన నీలాబ్, సెప్టెంబరు మొదట్లో ఆ విన్నపం రాసింది. నెలాఖరులోగా శిక్షణలో చేరితే ఆ రెండేళ్ల చదువు చెల్లుతుంది. చేరకుంటే అది చదవనట్టే.

తొలి విన్నపంలో దోషమన్నది లేదు. "నా విశిష్ట భావముల అభివ్యక్తిని అంగీకరింప ప్రార్థన" అనే ముగింపును సైతం ఆమె నిర్దుష్టంగా రాసింది. (ఆ వాక్యం లేనిదే అక్కడ కారుతున్న కుళాయి బాగుచేయమని కూడా ఎవరూ అడగరు.) జవాబు వచ్చింది: "మీకు ఫ్రెంచి వచ్చును. శిక్షణ అనవసరము." అట్లయితే నేరుగా ఫార్మసీలో చేర్చుకోండని ఆమె కోరగా, అందుకు శిక్షణ ముగించిన పత్రం జతచేయవలెనన్నారు.

రెండవ విన్నపాన్ని ఆమె ధారాళంగా చెడగొట్టింది. ఈసారి జవాబు: "మీ విన్నపము అర్థము కాలేదు. ఈ ఉత్తరము మీకును అర్థము కాదు గనుక కారణములు వివరించుట లేదు."

ప్రతి మంగళవారం పేట గ్రంథాలయంలో ఉచితంగా పాఠం చెప్పే ఓడిల్ మదామ్ ఆ రెండు ఉత్తరాలనూ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకొన్నది.

"ముప్పై ఏళ్లు తప్పులు దిద్దాను. ఇక నేర్పుతాను. రాసుకోండి, ఇవాళ్టి పాఠం: నమ్మదగిన తప్పులు."

దార్ఫూర్ నుంచి వచ్చిన వ్యవసాయ పట్టభద్రుడు తిజానీ తన కాగితం చూపించాడు.

"మరీ అందంగా ఉందయ్యా. ఇంకాస్త పాడుచెయ్యి."

"ఇలా రాయడానికి మూడేళ్లు పట్టింది మదామ్! గంటలో మర్చిపొమ్మంటే ఎలాగండీ?"

"ఎన్ని తప్పులు చెయ్యాలో చెప్పండి మదామ్, చేసేస్తాను," అంది నీలాబ్. "నాకు పది రోజులే ఉన్నాయి."

"నాలుగు. లింగాల్లో రెండు, క్రియలో ఒకటి. నాలుగోది ముగింపులో. మీ ఊళ్లో పెద్దవాళ్లకి ఉత్తరం ఎలా ముగిస్తారమ్మా?"

"మీ పాదధూళిని, అని."

"దాన్నే మాటకి మాట ఫ్రెంచిలోకి దించెయ్యి. కొత్తవాళ్లు చేసే తప్పదే. ఎవరికీ అనుమానం రాదు."

"ఆ ధూళేదో నాకూ కాస్త పెట్టు చెల్లెమ్మా," అన్నాడు తిజానీ.

"నీ తప్పు నువ్వే చేసుకో అన్నయ్యా. ఇద్దరిదీ ఒకటైతే కాపీ కొట్టారంటారు."

(మన పెద్దలూ ఇటువంటి మాటలు ఉత్తరాలలో రాసుకొన్నవారే. అందుకొన్నవారు వాటిలో వినయాన్ని చూశారు గాని దుమ్మును చూడలేదు.)

ఆ మూడవ విన్నపానికి పది రోజులైనా జవాబు రాలేదు. ముప్పయ్యవ తేదీ మధ్యాహ్నం నీలాబ్ కార్యాలయానికి వెళ్ళి వరుసలో నిలబడింది. నాలుగు కావడానికి ఆరు నిమిషాలుండగా ఆమె వంతు వచ్చింది. కిటికీ వెనుక విశిష్ట భావాల పరిశీలనాధికారి మొస్యో ఫుల్క్రాన్ ఆసీనుడై ఉన్నాడు.

"మొస్యో, నా దరఖాస్తు ఏమైందండీ?"

"మీరు ధూళి అని రాశారు మదామ్."

"అది మా మర్యాదండీ."

"మర్యాదైతే నా బల్ల మీదికొస్తుంది. ధూళైతే పరిశుభ్రత విభాగానికి పోతుంది. నలభై ఒకటో నిబంధన. కంగారుపడకండి, వాళ్లు మిమ్మల్ని ఎంపిక చేశారు. అభినందనలు."

"ఎక్కడికండీ?"

"ఫార్మసీ కళాశాలకే."

నీలాబ్ కిటికీ అంచును గట్టిగా పట్టుకొన్నది. "ఎన్నో ఏడాదిలోకి మొస్యో?"

"ఏడాది కాదు మదామ్, అంతస్తులు. మూడూ మీవే. నేల, బల్లలు, నల్లబల్లలు."

"మరి నా ఫ్రెంచి?"

"దీనికి అక్కర్లేదు," అని ఆయన దయతో పలికాడు. గోడ గడియారం నాలుగు కొట్టింది. శిక్షణ దరఖాస్తుల కట్టను దారంతో బిగించి, ముడివేసి, ఆయన పరిశుభ్రత విభాగపు కాగితాన్ని ముందుకు జరిపాడు. ఆమె సంతకం చేసింది.

ఇప్పుడు నీలాబ్ ఉదయం ఆరింటికే, ఆచార్యులందరికంటె ముందుగా, ఫార్మసీ కళాశాలలో ఉంటుంది. మూడవ అంతస్తులో, మూడవ ఏటి విద్యార్థుల నల్లబల్లను చదవనిదే తుడవదు. డిసెంబరులో ఒకనాడు ప్రకటనల పలక అద్దం మీద దుమ్ము దులుపుతుండగా, లోపల భాషా ప్రవేశ కార్యాలయపు వార్షిక నివేదిక కనబడింది: "ఈ ఏడు మా కృషి వలన ఫార్మసీ కళాశాలలో ప్రవేశించిన శరణార్థులు: ఒకరు."

అలవాటు చొప్పున ఆమె ఆ వాక్యాన్ని రెండుమార్లు చదివింది. లింగంలో గాని, క్రియలో గాని, ఒక్క తప్పూ లేదు.