నాలుగు కొమ్ముల పశువు ప్రసవం

మొలపొనెంగ్ గ్రామపు బందెలదొడ్డిలోకి మంగళవారం ఉదయం ఒక కొత్త పశువు చేరింది. అది డ్రోన్. జిల్లా ఆసుపత్రి నుంచి మందుల పెట్టె మోసుకొస్తూ, గాలి ఎదురుతిరిగి ఎవరిదో జొన్నచేలో కూలబడింది. యజమాని వెంట లేకుండా పరుల చేలో దిగినదాన్ని దొడ్డికి తోలాలని చట్టం. డ్రోన్ల గురించి చట్టంలో ఒక్క ముక్కా లేదు. అయితే కొత్త కాలానికి తగ్గట్టు నడుచుకోవాలని పైనుంచి ఉత్తర్వు ఉంది. దొడ్డి అధికారి సెబొలాయి అలాగే నడుచుకున్నాడు. దాన్ని పశువుల పట్టీలో రాశాడు.

కొమ్ములు: నాలుగు, తిరుగును. యజమాని గుర్తుగా వేసే వాత: లేదు. స్వభావం: సాధువు. దాని ముందు ఓ మోపు గడ్డీ, తొట్టెడు నీళ్లూ పెట్టించాడు. అది గడ్డి ముట్టకపోయేసరికి నిజంగానే దిగులుపడ్డాడు.

ఊరంతా గౌరవంగా ‘మ్మా’ అని పిలిచే గలెబొయె దిగులు వేరు. ఆ పెట్టెలో ఉన్నది ఆమె చక్కెర జబ్బుకు సూదిమందు. ఇంట్లోది నిన్నటితో అయిపోయింది. పెట్టెలోని మంచు సాయంత్రానికి కరిగితే మందు పారబోసుకోవడమే. ముప్ఫై ఏళ్లు మందల దగ్గర గడిపిన ఆ పెద్దావిడ ఎండలో నడిచొచ్చి, పెట్టె ఇమ్మని మర్యాదగా అడిగింది. సెబొలాయి అంతకన్నా మర్యాదగా చట్టం తీసి చూపించాడు. దొడ్డిలోని పశువు కడుపులో ఉన్నది తల్లితోపాటు యజమానిదే. యజమాని, అంటే డ్రోన్ కంపెనీవాడు, రాజధాని గబొరోన్ నుంచి వాత రుజువుతో రావాలి.

మధ్యాహ్నం ఊరి రచ్చబండ లాంటి ఖోట్లాలో సభ కూడింది. అక్కడ ఎవరు మాట్లాడినా మధ్యలో అడ్డుపడకూడదు. పదకొండు మంది మాట్లాడారు. ఒకాయన ఎప్పుడో తప్పిపోయిన తన ఎర్రావు గురించే గంటసేపు చెప్పాడు. చివరికి ఊరిపెద్ద లేచాడు.

"మన చట్టం ముసలిదైపోయిందని కొందరంటున్నారు. ఆకాశంలో ఎగిరేదాన్ని కూడా గడ్డి దగ్గరికి తెచ్చింది ఆ చట్టమే. ఇంతకన్నా ముందుకెళ్లిన ఊరేదైనా ఉంటే చూపించండి."

సభంతా "పులా" అంటూ వాన కురవాలని దీవించింది. గలెబొయె తన వంతు వచ్చేదాకా ఆగి ఒక్క మాట అడిగింది. దానికి నొప్పులొస్తే ఏం చేయాలి?

సెబొలాయి పుస్తకం తిరగేశాడు. ఈనే పశువుకు ఎవరైనా సాయం చేయవచ్చు, అనుమతి అక్కర్లేదు.

"అయితే చూడు నాయనా. పొద్దుట్నుంచి మేత ముట్టలేదు, లేవలేదు. ఎన్ని ఆవులకి పురుడు పోశానో నాకే లెక్క లేదు. అవి నొప్పులే."

సెబొలాయి వెళ్లి డ్రోన్ ఒంటి మీద చెయ్యి వేశాడు. ఎండకు కాలిపోతోంది.

"నిజమేనమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "కానియ్యి."

ఆమె మోచేతులదాకా చేతులు కడుక్కుంది. మోకాళ్ల మీద కూర్చుని, కింద ఉన్న గొళ్లెం తప్పించి పెట్టె బయటికి లాగింది. మంచు ఇంకా గడ్డగానే ఉంది. ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు. సెబొలాయి పట్టీలో రాసుకున్నాడు: తల్లీపిల్లా క్షేమం. తల్లికి పాలు లేనందున దూడను గలెబొయెకు పెంపకానికి ఇవ్వడమైనది.

చట్టం చూపిన ఈ చురుకుదనం రాజధానిదాకా పాకింది. నెల తిరక్కుండానే కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకపై డ్రోన్ మందులు కావలసినవారు పశువులకు పురుడు పోయడంలో మూడు రోజుల శిక్షణ పొంది, పత్రం చూపాలి. శిక్షణ ఇచ్చేది సెబొలాయి.

మర్నాడు పేరు రాయించుకోవడానికి సగం ఊరు వరుస కట్టింది. చోట్లు తక్కువ పెట్టారని జనం గట్టిగానే పోట్లాడారు. అసలీ పత్రం ఎందుకని అడిగినవాళ్లు లేరు. అందరికన్నా ముందు మ్మా గలెబొయె నిలబడి ఉంది. వెనక్కి తిరిగితే చోటు పోతుందేమోనని, పలకరించినవాళ్లకు తల కూడా తిప్పకుండానే జవాబిస్తోంది.